పదికి పది అందరికీ వస్తే...

ఏటా ఎండాకాలంలో గుంటూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద వెళ్తే పత్తి విత్తనాల హోర్డింగుల మధ్య పిల్లల మొహాలు కనపడతాయి. 470కి 467, 467, 466, 466, 466... చిలకలూరిపేట దాటేసరికి ఫొటోలు అగ్గిపెట్టె సైజుకి వస్తాయి. మార్టూరు దాటాక పేర్లు కూడా ఉండవు, ఉత్త నంబర్లే. 460 వచ్చిన పిల్లకి ఆ హోర్డింగు మీద చోటు దొరకడం గగనం. 460 అంటే దాదాపు 98 శాతం అండీ!

మా నాన్న తరంలో ఇంటర్లో ఫస్టుక్లాసు వస్తే ఊళ్ళో పదిమందికీ చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు వెయ్యికి 900 వచ్చినోడి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు.

"మా రోజుల్లో అయితేనా..." అని మొదలుపెట్టే పెద్దమనుషుల జాబితాలో నేను చేరబోవట్లేదు. ఎందుకంటే నా రోజులూ ఇవే. ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతికి గ్రేడింగు 2012లో వచ్చింది, నేను ఆ మొదటి బ్యాచీల్లో వాణ్ణి. ఇప్పటి పిల్లలకి చదువు రాదనే వాదన కూడా నాది కాదు. పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో కూర్చునే పిల్లల్ని పట్టుకుని కష్టపడట్లేదని ఎవరైనా అంటే వాళ్ళని ఒక్క వారం ఆ హాస్టల్లో పెట్టాలి.

నా బాధ వేరే. మార్కులు ఇలా పైకి పోతే తెలివైనవాడికి నష్టం అని అందరూ అంటారు. నాకు అలా అనిపించదు. డబ్బున్న తెలివైనవాడికి ఏ నష్టమూ లేదు, వాడు తన తెలివిని ఇంకోచోట, ఇంకో పరీక్షలో చూపించుకుంటాడు. నష్టమల్లా మార్కుల మెమో తప్ప చూపించుకోడానికి చేతిలో ఇంకేమీ లేనివాడికే.

అదెలాగో చెప్తాను.

ముందు, మన దగ్గర మార్కులు ఎంత పైకి పోయాయో చూడండి. 2013లో ఐఐటీల వాళ్ళు కొత్త రూలు పెట్టారు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే చాలదు, ఎవరి బోర్డులో వాళ్ళు టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి అని. ఆ ఏడు జనరల్ కేటగిరీలో సీబీఎస్‌ఈ పిల్లలకి ఆ గీత 78 శాతం దగ్గర పడింది. మన ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డుకి దాదాపు 92 దగ్గర పడింది. అంటే మన బోర్డులో పాసైన ప్రతి ఐదుగురిలో ఒకరు 92 శాతం మీద ఉన్నారన్నమాట. మన పిల్లలు దేశంలో అందరికంటే తెలివైనవాళ్ళని మీసం మెలేయొచ్చు. కానీ మీసం మెలేసే లోపు జరిగిందేమిటంటే, ర్యాంకు వచ్చి కూడా 90 శాతం మార్కులున్న మనవాడు గీత కింద పడ్డాడు, 80 వచ్చిన సీబీఎస్‌ఈ వాడు గీత పైన నిలబడ్డాడు. అందరూ గుంపుగా పైన చేరితే ఒక్క మార్కు తేడాతో వేలమంది తారుమారవుతారు.

ఇక నాకు బాగా గుచ్చుకున్న ఉదాహరణ ట్రిపుల్ ఐటీలది. 2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఆర్జీయూకేటీ పెట్టింది. పల్లెటూరి పిల్లలకి పదో తరగతి అవ్వగానే ఆరేళ్ళ ఇంటిగ్రేటెడ్ బీటెక్, ఎంట్రన్సు లేదు, పదో తరగతి మార్కులే. తర్వాత 2016లో మన ఒంగోలుకీ, శ్రీకాకుళానికీ క్యాంపస్‌లు వచ్చాయి. కోచింగు కొనుక్కోలేని ఇంటి పిల్లకి ఇంతకంటే మంచి తలుపు మన రాష్ట్రంలో ఇంకోటి లేదని నా నమ్మకం. జిల్లా పరిషత్ స్కూళ్ళలో, అంటే ప్రభుత్వ బళ్ళలో చదివినవాళ్ళకి జీపీయేకి 0.4 కలిపేవాళ్ళు. అదీ న్యాయమే.

ఇప్పుడు గ్రేడింగు వచ్చాక ఏమయిందో చూడండి. 92 వచ్చినా నూరు వచ్చినా ఒకటే గ్రేడు, పది పాయింట్లు ఉండేవి. ఒకే జీపీయే వేలమందికి వస్తే సీటు ఎవరికివ్వాలి? దానికి నోటిఫికేషన్లో వరుస ఉండేది. ముందు లెక్కల్లో గ్రేడు చూసేవాళ్ళు, సమానమైతే సైన్సు, తర్వాత ఇంగ్లీషు, తర్వాత సోషలు, తర్వాత తెలుగు. అవీ సమానమైతే వయసులో పెద్దవాడికి. అదీ సమానమైతే హాల్‌టికెట్ నంబరు నుంచి తీసిన ర్యాండమ్ నంబరు ఎవరికి తక్కువైతే వాళ్ళకి.

మనం కోడు రాసేవాళ్ళం కాబట్టి ఇందులో ఉన్న తమాషా మీకు వెంటనే తట్టి ఉంటుంది. పదికి పది వచ్చినవాడికి ప్రతి సబ్జెక్టులోనూ పదే. లెక్కల్లో పది, సైన్సులో పది, ఇంగ్లీషులో పది. అంటే పదికి పది వచ్చినవాళ్ళ మధ్య ఆ ఐదు షరతులూ ఎప్పటికీ పనిచెయ్యవు. నేరుగా పుట్టినరోజు దగ్గరికే! సార్టింగుకి ఐదు కీలు ఇచ్చి ఐదింటిలోనూ ఒకే విలువ పెడితే ఏమవుతుందో అదే. పదేళ్ళు చదివి, పదకొండు పేపర్లు రాసి, చివరికి మార్చిలో పుట్టావా జూన్‌లో పుట్టావా అన్నదాని మీద సీటు.

"0.4 ఉందిగా, బీదవాడికి సీటొచ్చేసిందిగా" అంటారేమో. సర్కారు బడి పిల్లల వరకు నిజమే. కానీ మా పర్చూరు, ఇంకొల్లు వైపు పల్లెల సంగతి చూడండి. రెండెకరాలు కౌలుకి చేసే రైతు కూడా ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉన్న ప్రైవేటు కాన్వెంటుకే పంపిస్తాడు పిల్లల్ని. మిర్చి ధర బాగుంటే ఫీజు కడతాడు, లేకపోతే వడ్డీకి తెచ్చి కడతాడు. ఆ పిల్లవాడికి 0.4 రాదు. ఉన్నదల్లా మార్కులే. ఆ మార్కులు పక్క పట్నంలో ఏసీ క్లాసుల్లో చదివినవాడివీ ఇతనివీ ఒకటే అయిపోతే, మిగిలేది పుట్టినరోజూ లాటరీ.

ఇక్కడ మా నాన్న మాట ఒకటి చెప్పాలి. ఆయన చదివింది ఎనిమిదే గానీ గ్రేడింగు అంటే ఏంటో ఆయనకి తెలిసినంత మా మేనేజర్లకి తెలియదు. కల్లంలో కూర్చుని తాలుకాయ ఏరించడం, తేజ వేరు, నాటు వేరు అని చూడటం ఆయన బతుకు. (పిల్లల్ని తాలుతో పోలుస్తున్నానని కోప్పడకండి, విషయం వేరే.) నా పదో తరగతి ఫలితాలప్పుడు ఆయన అడిగాడు, "ఏందిరా అబ్బాయ్, క్లాసులో ఇంతమందికి పదికి పదంట, మరి కొనేవాడికి ఏ సరుకు ఏదో ఎట్టా తెలుస్తది?"

గుంటూరు యార్డుకి ఎప్పుడైనా వెళ్ళారా? టిక్కీ మీద ఏం రాసి ఉన్నా కొనేవాడు నమ్మడు. మూట కోసి, చెయ్యి లోపలికి పెట్టి, గుప్పెడు కాయ బయటికి తీసి, రంగు చూసి, విరిచి చూస్తాడు. లేబుల్ మీద నమ్మకం లేని చోట ప్రతి మూటా కొయ్యాల్సిందే. ఆ కోతలో రాలిపోయిన కాయ ఎవరిది? రైతుదే. శాంపిలు కింద పోయిన కాయ ఎవరిది? అదీ రైతుదే.

మన చదువుల్లో మూట కొయ్యడం అంటే ఎంట్రన్సు. మార్కుల మీద నమ్మకం పోయిన ప్రతిచోటా ఒక కొత్త పరీక్ష వచ్చి కూర్చుంది, లేదా పాత పరీక్ష బరువు పెరిగింది. చూడండి. జేఈఈ మెయిన్‌లో 2013 నుంచి బోర్డు మార్కులకి 40 శాతం వెయిటేజీ ఉండేది, 2017లో తీసేశారు. మన ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకి 25 శాతం ఉండేది, కరోనా వల్ల 2021లో, 2022లో పక్కన పెట్టారు. ఆంధ్రలో 2023లో మళ్ళీ తెచ్చారు, తెలంగాణలో అదే ఏడు శాశ్వతంగా ఎత్తేశారు. ఢిల్లీ యూనివర్సిటీలో 2021లో కొన్ని కోర్సులకి కటాఫ్ నూటికి నూరు అయి కూర్చుంది, 2022 నుంచి సీయూఈటీ అని దేశమంతటికీ ఒక ఎంట్రన్సు వచ్చింది. ట్రిపుల్ ఐటీలకి కూడా పరీక్షలు జరగని 2020, 2021ల్లో ఎంట్రన్సే పెట్టారు.

ఆ మూట కోసే ఖర్చు ఎవరు భరిస్తారు? పిల్లవాడి నాన్న భరిస్తాడు. ఎంట్రన్సు అంటే కోచింగు, కోచింగు అంటే రెండేళ్ళ హాస్టలు, హాస్టలంటే ఆ ఏటి పంట. ఇంటర్ పాఠం ఊళ్ళో సర్కారు కాలేజీలో లెక్చరర్ చెప్తాడు. ఎంసెట్ షార్ట్‌కట్లు ఆయన చెప్పడు, అవి గుంటూరులోనో విజయవాడలోనో అమ్ముతారు.

ఇంకా వెయిటేజీ ఉన్నచోట కూడా అది నిజంగా పనిచేస్తోందా అంటే, ఒక చిన్న లెక్క వేద్దాం. ఎంసెట్ (ఇప్పుడు ఆంధ్రలో ఈఏపీసెట్ అంటున్నారు) 160 మార్కులని 75కి కుదిస్తారు. ఇంటర్ ఎంపీసీ గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులని 25కి కుదిస్తారు. అంటే ఎంసెట్లో ఒక బిట్టు విలువ 0.47, ఇంటర్లో ఒక మార్కు విలువ 0.04. పిల్లల మార్కులు 360 నుంచి 600 దాకా పరుచుకుని ఉంటే ఇంటర్ వల్ల పది పాయింట్ల తేడా వస్తుంది, అంటే ఇరవై ఒక్క బిట్లతో సమానం. కానీ పోటీలో ఉన్నవాళ్ళంతా 570, 590 మధ్య ఇరుక్కుంటే? తేడా 0.83. రెండు బిట్లు కూడా కాదు! అందరికీ 24 కలపడమూ, ఎవరికీ ఏమీ కలపకపోవడమూ ఒకటే. కాగితం మీద 25 శాతం ఉంటుంది, పనిలో సున్నా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఎప్పుడూ ఫెయిల్ కాని టెస్టు కేసు. పచ్చగా వెలుగుతూ ఉంటుంది, ఏమీ పట్టుకోదు.

మరి మార్కులు ఇంతలా ఎలా పెరిగాయి? ఇందులో దేవరహస్యం ఏమీ లేదు, మీలో సగం మందికి నాకంటే బాగా తెలుసు. ప్రశ్న ఎలా వస్తుందో ముందే తెలుసు. ఏ స్టెప్పుకి ఎన్ని మార్కులో తెలుసు. జవాబుని బట్టీ పట్టి స్టెప్పుల వారీగా దించితే మార్కు తగ్గించే అధికారం దిద్దే మాస్టారికి కూడా లేదు. నేను ఇంటర్ చదివిన కాలేజీలో (పేరు అనవసరం) రెండేళ్ళలో ల్యాబు తాళం తీసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రాక్టికల్స్‌లో మాత్రం దాదాపు అందరికీ 30కి 30. సంస్కృతం సంగతి సరేసరి. దేవనాగరి అక్షరం కూడబలుక్కోవడం రానివాళ్ళం తెలుగు లిపిలో శ్లోకాలు రాసి నూటికి 98 తెచ్చుకున్నాం :) అదే ఊళ్ళో తెలుగు తీసుకుని ఛందస్సు కష్టపడి చదివిన మా బాబాయి కూతురికి 84. ఎంసెట్ లెక్కలో భాషలు రావు గానీ వెయ్యికి ఎన్ని అని అడిగే ప్రతిచోటా ఆ పద్నాలుగు మార్కులు ఆ పిల్ల వెనకబడినట్టే కదా.

పదో తరగతిలోనూ అంతే. ఆంధ్రలో కొన్నేళ్ళు స్కూళ్ళే వేసుకునే ఇంటర్నల్ మార్కులు 20 ఉండేవి. తన స్కూలు పిల్లకి తానే 14 వేసుకునే హెడ్మాస్టరు ఎక్కడుంటాడు? 2019లో ఉత్తీర్ణత 94.88 శాతం. ఆ ఏడే ఇంటర్నల్స్ ఎత్తేశారు. తర్వాత రెండేళ్ళు కరోనా, అందరూ పాస్. మళ్ళీ 2022లో పరీక్ష పెడితే 67.26 శాతం. ఆ పడిపోవడంలో బడి మూతపడ్డ రెండేళ్ళ పాపం చాలా ఉంది, మొత్తం ఇంటర్నల్స్ మీదకి నెట్టెయ్యడం తప్పు. 2024కి మళ్ళీ 86.69కి ఎక్కింది. గ్రేడులు పోయి 600కి మార్కులు రావడం మాత్రం మంచిపని, వరస పెట్టడానికి చోటు దొరికింది. కానీ 2025లో 600కి 600 కూడా వచ్చేశాయి. ఆ పిల్ల కష్టానికి చప్పట్లు కొట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. నా అనుమానమల్లా తెలుగులో వ్యాసానికి కూడా నూటికి నూరు ఇచ్చే కొలబద్ద మీద. అంతకంటే పైన ఇంకెవరైనా ఉంటే ఆ కొలబద్దకి కనపడరు కదా!

"మార్కులు తక్కువొస్తే పిల్లలు ఏమైపోతారో తెలుసా?" అని అడిగేవాళ్ళున్నారు. తెలుసు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఆ సంగతి గుర్తున్నవాడెవడూ మార్కులు బిగించండి అని తేలిగ్గా అనలేడు. నేనూ అనను. కానీ ఒక్కటి గమనించండి. పాసవడం వేరు, వరసలో నిలబెట్టడం వేరు. దయ చూపించాల్సింది ముప్పై ఐదు దగ్గర. అక్కడ ఒకటికి రెండుసార్లు దిద్దండి, గ్రేసు మార్కులు కలపండి, నెలలోపే ఇంకో పరీక్ష పెట్టండి. తొంభై ఐదు దగ్గర చూపించేది దయ కాదు. అక్కడ అందరికీ పంచిపెట్టిన మార్కుల వల్ల ఒత్తిడి తగ్గకపోగా పెరిగింది. 980 వచ్చినవాడు ఏడుస్తున్నాడంటే కారణం అదే కదా. ఒక్క తప్పుకి వెయ్యిమంది వెనక్కి పోవాల్సి వస్తే పిల్లవాడికి తప్పు చేసే హక్కే లేకుండా పోయింది. పైగా ఆ తప్పు దిద్దినవాళ్ళది కూడా కావచ్చు, 2025 పదో తరగతి రీవెరిఫికేషన్లో వేల జవాబు పత్రాల్లో మార్కులు మారాయి.

ఇది మన ఒక్కళ్ళ రోగం కాదు లెండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇది ఇంకోరకంగా తెలుసు. కాలిఫోర్నియా యూనివర్సిటీ 2020లో శాట్ పరీక్ష వద్దంది. 2025 చివర్లో వాళ్ళ శాండియాగో క్యాంపస్ నివేదిక వచ్చింది: హైస్కూలు స్థాయి లెక్కలు కూడా రాకుండా చేరుతున్నవాళ్ళు ఐదేళ్ళలో దాదాపు 30 రెట్లు పెరిగారు, కొత్తగా చేరినవాళ్ళలో ఎనిమిదింట ఒకరు. వాళ్ళలో చాలామందికి హైస్కూల్లో లెక్కల గ్రేడులు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. డార్ట్‌మత్ కాలేజీ 2024లో శాట్‌ని వెనక్కి తెస్తూ చెప్పిన కారణం ఇంకా ఆలోచించదగ్గది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలు, తమకి ఉపయోగపడే స్కోర్లు కూడా పంపకుండా దాచుకుంటున్నారట. చూశారా, అక్కడ కూడా కొలబద్ద తీసేస్తే మునిగింది బీదవాడే.

టెక్సాస్ వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది. 1997లో చట్టం చేసి, ప్రతి హైస్కూల్లో మొదటి పది శాతం పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం అన్నారు (ఆస్టిన్‌కి ఆ శాతం తర్వాత తగ్గించారు). ఏ బడిలో అన్నదాన్ని బట్టి చూస్తారు గానీ మొత్తం రాష్ట్రంలో ఎంత అని కాదు. ప్లేనో, ఫ్రిస్కోల్లో ఉన్న మన తెలుగు తల్లిదండ్రులకి దీని మీద మంటే, "మావాడి స్కూల్లో అందరూ చిచ్చరపిడుగులే" అని. పల్లెటూరి బడిలో మొదటొచ్చినవాడికి మాత్రం అది వరం.

కాబట్టి నాకు తోచింది ఇది. మెమో మీద మార్కు పక్కన ఇంకో రెండు అంకెలు వెయ్యండి: రాష్ట్రంలో నీ పర్సంటైల్ ఎంత, నీ బడిలో నీ స్థానం ఎంత. బోర్డు దగ్గర డేటా అంతా ఉంది, పెద్ద సిస్టమేం అక్కర్లేదు, ఒక క్వెరీ పని. ప్రశ్నపత్రంలో పదిహేను మార్కులకి ఏ గైడులోనూ లేని ప్రశ్నలు పెట్టండి. అవి రాయకపోయినా ఫస్టుక్లాసు రావాలి, రాస్తేనే 95 దాటాలి. అలాగే ట్రిపుల్ ఐటీల తలుపు ఎంట్రన్సు వైపు జరగనివ్వకండి. రాష్ట్రంలో కోచింగు అవసరం లేని తలుపు అదొక్కటే మిగిలింది.

మన వంతు కూడా ఒకటుంది. "పది నుంచి బీటెక్ దాకా 60 శాతం త్రూఔట్" అని ఫ్రెషర్ల నోటీసుల్లో మనం ఇంకా రాస్తూనే ఉన్నాం. 60 దాటనివాడు కరువైపోయిన రోజుల్లో ఆ షరతు ఎవర్ని వడకడుతోంది? పదో తరగతిలో జ్వరమొచ్చి రెండు పేపర్లు పోగొట్టుకున్నవాణ్ణీ, పత్తి తీతల రోజుల్లో బడి మానేసినవాణ్ణీ. ఆరేళ్ళ తర్వాత వాడు కోడు ఎలా రాస్తాడో ఆ అంకె చెప్పదు. రేపు మీ టీములో ఫ్రెషర్ల ప్రొఫైళ్ళు వచ్చినప్పుడు ఆ ఫిల్టరు తీసేయమని హెచ్ఆర్‌ని ఒక్కసారి అడిగి చూడండి. అడగడానికి పోయేదేముంది?